ఆరో దశ సప్లిమెంటరీ

"మీ పెళ్లికి అభ్యంతరం ఉంది" అన్నాడు సబ్ రిజిస్ట్రార్ కనకలింగం.

బల్లకి ఇవతల కూర్చున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్లికొడుకు సూర్యచంద్రానికి అరవై నాలుగేళ్లు. గోదావరి మీద లాంచీ నడిపి రిటైరయ్యాడు. పెళ్లికూతురు నూకరత్నానికి యాభై ఏడు. కోటిలంక మెయిన్ రోడ్డులో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతోంది. ఇద్దరికీ ఇదివరకు కాపురాలుండేవి. ఇద్దరికీ ఇప్పుడు గోడ మీద ఫోటోలున్నాయి.

పోయినేడాది ఉచిత కంటి శిబిరంలో ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ జరిగింది. పక్కపక్క మంచాలు. ఆయన కుడికంటికి కట్టు, ఆవిడ ఎడమకంటికి కట్టు. మిగిలిన చెరో కంటితో చూసుకున్నారు. అది సరిపోయింది.

"అభ్యంతరం ఎవరిదండీ? మా మరిదిదా?" అంది నూకరత్నం. "అతనిదైతే చెప్పండి. సాయంత్రానికల్లా నేను మాట్లాడేస్తాను."

"ప్రభుత్వానిదమ్మా."

కనకలింగం బల్ల మీద పెన్సిళ్లు పొడుగు వరసన పేర్చి ఉంటాయి. తల పాపిడి గీత గీసినట్టుంటుంది. వచ్చే బుధవారానికి నలభై నిండబోతున్నా, ఇంతవరకూ జీవితంలో ఒక్క పెన్సిలూ వరస తప్పలేదు. ఆయన ఒక కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు.

"ఆరవ దశ, అనగా సాన్నిహిత్య దశ, ఇరవై సంవత్సరముల నుండి నలభై సంవత్సరముల వరకు. అభ్యర్థులిరువురూ సదరు దశను దాటిపోయినట్లు కనబడుచున్నది. ప్రస్తుతము ఏడవ దశలో ఉన్నారు. ఏడవ దశయందు ప్రేమకు ప్రొవిజన్ లేదు."

"మరేం ఉందండీ అందులో?" అన్నాడు సూర్యచంద్రం.

"తరువాతి తరమునకు ఉపయోగపడుట."

"పెళ్లి చేసుకుని ఉపయోగపడతామండి."

"ఆరో దశ పాసైన సర్టిఫికెట్ ఉంటే సరే. లేకపోతే పెళ్లి ఎంట్రీ సిస్టమ్ తీసుకోదు."

"ముప్ఫై ఏళ్లు కాపురం చేశానండి నేను. మా ఆవిడ పోయేదాకా ఒక్క మాట తేడా రాలేదు మా మధ్య."

"కాపురం చేసినట్టు రికార్డుంది. పాసైనట్టు లేదు" అన్నాడు కనకలింగం. ఆ తరవాత పుట్టినతేదీ చూసి, మొదటిసారి కాస్త జాలిగా ముఖం పెట్టాడు. "పై వారం శుక్రవారంతో మీకు అరవై అయిదు వస్తాయి. అంటే ఎనిమిదో దశ. అందులోకి వెళ్లాక గడిచిన జీవితాన్ని సమీక్షించుకోవడమే. కొత్త ఎంట్రీలుండవు. ఆ లోపల ఆరో దశ తెచ్చుకోండి. లేకపోతే ఇక ఎప్పటికీ కుదరదు."

నూకరత్నం చేతిసంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"పదండి. పై శుక్రవారం దాకా టైముందన్నారు కదా. పట్టుచీర బ్లౌజే అందులో సగం టైములో కుట్టిస్తాను నేను."

*

ఈ చట్టం వెనక ఎవరి దురుద్దేశమూ లేదని ముందే చెప్పాలి.

రాష్ట్రంలో ప్రజలు వయసుకి తగ్గట్టు ఎదగడం లేదని పైవాళ్లకి అనుమానం వచ్చింది. దాన్ని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీలో ఉన్న అధికారులందరూ ఉద్యోగాలు రాకముందు టీచరు పోస్టులకి చదివినవాళ్లే. మనస్తత్వశాస్త్రం గురించి వాళ్లందరికీ తెలిసింది ఒకే చోటు నుంచి. ఇటుకరాయంత మందాన ఉండే బిట్ బ్యాంకు నుంచి.

మనిషి జీవితం మొత్తాన్ని ఎనిమిది దశలుగా చెప్పిన పండితుడు అందులో ఉన్నాడు. పిల్లల ఆలోచన నాలుగు దశల్లో పెరుగుతుందన్నవాడూ, నీతిని ఆరు మెట్లుగా కట్టినవాడూ, అసలు కథంతా ఆరేళ్ల లోపే అయిపోతుందన్నవాడూ ఉన్నారు. అసలు పుస్తకాల్లో వీళ్లకి ఒకరితో ఒకరికి పడదు. బిట్ బ్యాంకులో మాత్రం అందరూ సర్దుకుని ఉంటారు. నాలుగు ఆప్షన్లు, ఒక జవాబు. పండితులు జాగ్రత్తగా 'సుమారు' అని రాసుకున్న చోటల్లా బిట్ బ్యాంకు ఆ మాట కొట్టేసింది. ఆప్షన్‌లో దానికి చోటు చాలదు.

దాంతో కమిటీకి విషయం స్పష్టంగా అర్థమైంది. ఏ వయసుకి ఏ దశో కీలో ఉంది. కీ ప్రకారం లేకపోతే తప్పు మనిషిది.

అలా రాష్ట్ర వికాస దశల ధ్రువీకరణ మండలి పుట్టింది. దశలన్నిటికీ పరీక్షలు పెట్టారు. తప్పినవాళ్లకి సప్లిమెంటరీలు పెట్టారు. కోటిలంక బస్టాండు ఎదురుగా 'ఎదుగుదల కోచింగ్ సెంటర్' వెలిసింది. పన్నెండేళ్లు నిండని పిల్ల తలుపేసుకుని అలిగితే తల్లిదండ్రులకి నోటీసు వచ్చేది. అలక అయిదో దశ సిలబస్. ముప్ఫై దాటిన బ్రహ్మచారులకి మెమోలు వెళ్లాయి. నలభై నిండిన ప్రతి ఉద్యోగీ ఆ రోజు నుంచి నడివయసు సంక్షోభ సెలవు తప్పనిసరిగా వాడుకోవాలన్నారు. జ్యోతిష్కులు దశలు అనగానే ముందు సంతోషించారు. తరవాత ఇది పోటీ అని తెలుసుకుని కోర్టుకెళ్లారు.

నూకరత్నం షాపు లైసెన్సు రెన్యువల్‌కి మొదటి అయిదు దశలూ అడిగితే పోయినేడాదే రాసి పడేసింది. ఇప్పుడు ఆరోది రాస్తే చాలు. సూర్యచంద్రానికి మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ బాకీయే.

*

దశాధికారి మార్కండేయప్రసాద్ గదిలో గోడంతా ఒక మెట్ల బొమ్మ ఉంటుంది. అడుగు మెట్టు మీద పాకుతున్న పాప, పై మెట్టు మీద చేతికర్ర ముసలాయన. ప్రతి మెట్టుకీ గేటుంది. గేటుకి తాళం కూడా గీయించారు.

"తమరు ఆరవ దశకు నేరుగా హాజరు కాజాలరు" అన్నాడు ఆయన. "తమకు అయిదు బ్యాక్‌లాగులు గలవు. నమ్మకము, స్వతంత్రత, చొరవ, శ్రమశీలత, గుర్తింపు. ఇవి క్లియర్ చేసుకొనినచో బుధవారం సాన్నిహిత్యం పేపరు రాయవచ్చును. గురువారం ఫలితములు."

"నేను పెద్దవాణ్ణయ్యానండి. చూస్తున్నారు కదా."

"పెరుగుదల వేరు, వికాసము వేరు. పెరుగుదల అనగా ఎత్తు, బరువు. ఇది నిర్వచనం. తమరు పెరిగినారు. అంతవరకు మండలికి అభ్యంతరం లేదు."

"బాబూ, నేను లాంచీలో కొన్ని వేల మందిని ఏరు దాటించాను. అందరూ నన్ను నమ్మే ఎక్కారు."

"వారు నమ్మినారు. తమరు నమ్మినట్లు ఆధారం కావలెను."

బయటికి వచ్చాక సూర్యచంద్రం అరుగు మీద కూలబడ్డాడు. "రత్నంగారూ, మనకిది అవసరమా? ఇలాగే ఉందాం. సాయంత్రాలు మీ షాపు ముందు కూర్చుంటాను. ఎవరేం అంటారు?"

"నాకు షాపు ముందు కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారండి. బ్లౌజు ఇంకా అవలేదా అని కూర్చుంటారు" అంది నూకరత్నం. "పొద్దున్నే లేచేసరికి ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినపడాలి నాకు. మీరు రాస్తారా లేదా?"

ఆయన రాస్తానన్నాడు.

*

మొదటి దశ ప్రాక్టికల్ అంగన్‌వాడీలో పెట్టారు. అక్కడి టీచరమ్మ మంగతాయారు తల్లిగా నటిస్తుంది. ఆవిడ గదిలోంచి బయటికి వెళ్లినప్పుడు అభ్యర్థి ఏడవాలి. తిరిగి వచ్చినప్పుడు ఊరుకోవాలి. ఏడవకపోతే అనుబంధం లేనట్టు. వచ్చాక కూడా ఏడిస్తే నమ్మకం లేనట్టు.

మంగతాయారు వయసు ముప్ఫై. చాప మీద ఏడాది పిల్లల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చున్న సూర్యచంద్రాన్ని చూసి, సిగ్గుపడుతూ, "నేను వెళ్లొస్తానండి, నాన్నా" అంది.

"మంచిదమ్మా. మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్లు" అన్నాడు సూర్యచంద్రం.

పరీక్షకుడు సున్నా వేశాడు. పక్కనున్న పిల్లలు అందరూ ఏడ్చి పాసయ్యారు.

సాయంత్రం షాపులో నూకరత్నం మిషను తొక్కుతూ అడిగింది. "ఏడవడానికేమైందండీ మీకు?"

"ఆ అమ్మాయి తిరిగొస్తుందని తెలుసు కదండీ."

"అలా తెలియడాన్నే నమ్మకం అంటారని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. ఆ దశలో మాటలు రాకూడదన్నారు. దానికింకో రెండు మార్కులు కోశారు."

మర్నాడు మళ్లీ అవకాశమిచ్చారు. ఈసారి నూకరత్నం కిటికీ అవతల నిలబడింది. మంగతాయారు గది దాటింది. సూర్యచంద్రం కళ్లు పొడిగానే ఉన్నాయి. పరీక్షకుడు పెన్ను ఎత్తాడు. అప్పుడు నూకరత్నం కిటికీ దగ్గర్నుంచి కదిలింది. వెనక్కి చూడకుండా, చేతిసంచి సర్దుకుని, వీధి మలుపు దాకా నడిచి కనపడకుండా పోయింది. నటనేనని ఆయనకి తెలుసు. ముందు రోజు ఇద్దరూ కలిసే అనుకున్నారు. అయినా చనిపోయిన భార్య కూడా ఒకనాడు ఆస్పత్రి వరండాలో అలాగే సంచి సర్దుకుని లోపలికి వెళ్లింది. సూర్యచంద్రం తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

పరీక్షకుడు ఫుల్ మార్కులు వేశాడు. పిల్లల్లో ఒకడు పాకుతూ వచ్చి తన బిస్కెట్టు ఆయన చేతిలో పెట్టాడు. దానికి ఫారంలో గడి లేదు కాబట్టి నమోదు చెయ్యలేదు.

రెండో దశ ప్రాక్టికల్ చిన్నపిల్లలు స్నానాలగదికి సంబంధించిన అలవాట్లు నేర్చుకోవడం గురించి. దాని గురించి మర్యాదస్థులు రాయరు. పాసయ్యాడు, అంతవరకే.

మూడో దశలో చొరవ చూపించాలన్నారు. సూర్యచంద్రం కుర్చీలు వరసగా వేసి, ముందు కుర్చీలో కూర్చుని లాంచీ కట్టాడు. అయిదేళ్ల పిల్లలందర్నీ ఎక్కించుకుని, రేవులన్నీ పిలిచాడు. రెండో రేవు వచ్చేసరికి పరీక్షకుడు కూడా ఎక్కి కూర్చుని తన ఊరు రాగానే దిగాడు. నిండు మార్కులు.

అదే దశలో నీళ్ల ప్రశ్న దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. వెడల్పు గ్లాసులో నీళ్లని పొడుగు గ్లాసులోకి వంచి, ఇప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయా అని అడిగారు.

"అవే నీళ్లు కదండీ. ఎక్కువెలా అవుతాయి?"

"తప్పు."

"తప్పా?"

"జవాబు ఒప్పే. కానీ ఈ దశలో ఆ జవాబు రాకూడదు. ఈ దశ పిల్లలు పొడుగు గ్లాసులో ఎక్కువున్నవని చెప్పుదురు. ఒప్పు చెప్పుటకు తమరికి నాలుగో దశలో అవకాశం ఇవ్వబడును."

సూర్యచంద్రం రెండు గ్లాసులూ ఇంకోసారి చూసి, "పొడుగు దాంట్లోనే ఎక్కువున్నాయండి, ఆయ్" అన్నాడు. పరీక్షకుడు అభినందించి పంపించాడు. మధ్యాహ్నం నాలుగో దశలో అవే గ్లాసులు, అవే నీళ్లు. సమానమే అన్నాడు. భోజనం వేళకీ టిఫిన్ వేళకీ మధ్య ఆయన ఎంత ఎదిగాడో చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

అయిదో దశ గుర్తింపు. యుక్తవయసులో తానెవరో తెలియక కొట్టుమిట్టాడినట్టు రుజువు కావాలి.

"నేనెవరో నాకెప్పుడూ తెలుసండి" అన్నాడు సూర్యచంద్రం. "మా నాన్న లాంచీ మీద పనిచేశాడు. నేనూ ఎక్కాను."

"సంక్షోభం లేని గుర్తింపు చెల్లదు" అన్నాడు మార్కండేయప్రసాద్. "తగిన సాక్షిని ప్రవేశపెట్టవలెను."

నూకరత్నం రేవు వీధి మంగలి ఆదియ్యని పిల్చుకొచ్చింది. ఆదియ్యకి డెబ్బై దాటాయి. సూర్యచంద్రానికి మీసాలు మొలిచిన దగ్గర్నుంచీ ఆయనే క్షవరం చేస్తున్నాడు.

"ఈడికా సంక్షోభం లేనిది?" అన్నాడు ఆదియ్య. "ఓ నెల జుట్టు భుజాల దాకా పెంచాడండి. ఓ నెల గుండు. ఇంకో నెల చెవుల మీదకి దించమన్నాడు, సినిమా మారింది కదాని. ఓసారైతే ఒక పక్క మీసం తీసేశాక వద్దన్నాడు. మూడ్రోజులు అలాగే తిరిగాడండి. నేనెవర్నిరా ఆదియ్యా అని అద్దంలో చూసి నన్నే అడిగేవాడు."

"చాలును" అన్నాడు దశాధికారి, రాసుకుంటూ. "తీవ్రమైన సంక్షోభం."

అయిదూ పాసయ్యాడు. బుధవారం పేపరొక్కటే మిగిలింది.

*

సాన్నిహిత్యం పేపరు మునిసిపల్ హైస్కూల్లో పెట్టారు. గేటు దగ్గర బోర్డు ఉంది: 'సాన్నిహిత్యం పరీక్షయందు పక్కవారితో మాట్లాడుట, పక్కవారి వైపు చూచుట, పక్కవారికి సహాయపడుట మాల్‌ప్రాక్టీసుగా పరిగణించబడును.'

హాల్లో ఒక బెంచీకి ఒకరు. సూర్యచంద్రం కిటికీ పక్క. నూకరత్నం పక్క వరసలో. గంట కొట్టి పేపర్లు ఇచ్చారు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. ఇంకో అరలో పెట్టింది. సంచి మొత్తం బల్ల మీద బోర్లించింది. టేపు, సుద్దముక్క, గుండీలు, అగరొత్తుల పెట్టె. కళ్లజోడు లేదు. కంగారులో మిషను మీద వదిలేసి వచ్చింది.

పేపరు చెయ్యి చాపినంత దూరం పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. తరవాత మెల్లిగా బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

సూర్యచంద్రం లేచాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. రెండడుగులు వేసి, తన కళ్లజోడు తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు. కంటి శిబిరంలో అందరికీ ఒకే రకం జోడు ఇచ్చారు. ఒకే ఫ్రేము, ఇంచుమించు ఒకే పవరు. వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన పేపరు మీద అక్షరాలు చీమల బారులా ఉన్నాయి.

"ఎవరది?" అన్న గొంతు తలుపు దగ్గర్నుంచి వినిపించింది. ఫ్లయింగ్ స్క్వాడ్. ముందు మార్కండేయప్రసాదే ఉన్నాడు.

"కళ్లజోడు ఇచ్చానండి. అంతే."

"అభ్యర్థి పరీక్షా సమయమందు మరియొక అభ్యర్థికి సహాయపడినాడు" అని ఆయన పక్కవాడికి చెప్పి రాయించాడు. "ఇరువురినీ బుక్ చేయండి. రెండు సంవత్సరములు డిబార్."

"రెండేళ్లా?" అంది నూకరత్నం. "ఎల్లుండితో ఆయనకి అరవై అయిదు వస్తాయి బాబూ."

"అందుకు మండలి చింతించుచున్నది."

బయట వేపచెట్టు కింద సూర్యచంద్రం మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ జోడు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అనవసరంగా ఇచ్చారండి. మీరొక్కరైనా పాసయ్యేవారు."

"నేనొక్కణ్ణే పాసై ఏం చేసుకుంటానండీ?"

నూకరత్నం కొంగుతో కళ్లు అద్దుకుంది. ఆ తరవాత ఆవిడ ముఖంలో చిన్న మార్పు వచ్చింది. కస్టమరు తెచ్చిన గుడ్డ చాలదనుకున్నాక ఎక్కడో అతుకు వేసే దారి దొరికినప్పుడు వచ్చే మార్పు.

"కీ ఎప్పుడిస్తారు?" అంది.

*

మన దగ్గర ఏ పరీక్షైనా ఒక పద్ధతి ఉంది. పరీక్ష అయిన సాయంత్రం ప్రాథమిక కీ విడుదల చేస్తారు. మర్నాడు మధ్యాహ్నం దాకా అభ్యంతరాలు తీసుకుంటారు. నిపుణుల కమిటీ కూర్చుంటుంది. తేలని ప్రశ్నని తొలగించి అందరికీ మార్కు కలుపుతారు. ప్రభుత్వాలు మారినా ఇది మారలేదు.

గురువారం ఉదయం నూకరత్నం కళ్లజోడు పెట్టుకుని, ఆదియ్యనీ మంగతాయారునీ వెంటబెట్టుకుని దశాధికారి గదిలోకి వెళ్లింది. సూర్యచంద్రం వెనకాల నిలబడ్డాడు. కీ మీద అభ్యంతరాలు వినడానికి రాజధాని నుంచి బిట్ బ్యాంకు పండితులు ఒక్కొక్కరి తరఫునా ఒకరు చొప్పున నలుగురు నిపుణులు వచ్చి కూర్చున్నారు. ఎనిమిది దశలాయన, నాలుగు దశలాయన, ఆరు మెట్లాయన, ఆరేళ్లలోపే అంతా అయిపోతుందనే పెద్దాయన. ఈ చివరాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. అంతా ఎప్పుడో అయిపోయాక ఇక చూడ్డానికేముందన్నట్టు.

"పదో ప్రశ్న చదవండి బాబూ" అంది నూకరత్నం.

మార్కండేయప్రసాద్ చదివాడు. "సాన్నిహిత్య దశ పూర్తి చేసిన వ్యక్తి లక్షణము. ఒకటి, తన పేపరు తాను చూచుకొనును. రెండు, తనకు నష్టము కలిగినను తోటివారి అవసరము తీర్చును. మూడు, నియమములను పాటించును. నాలుగు, పైవన్నియు."

"కీలో ఏముంది?"

"రెండు."

"నిన్న ఈయన చేసిందేంటండీ?"

దశాధికారి పేపరు పక్కన పెట్టి కీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయన చేసింది మాల్‌ప్రాక్టీసైతే మీ కీ తప్పు" అంది నూకరత్నం. "మీ కీ ఒప్పైతే ఆయన చేసింది జవాబు. ఏదో ఒకటి చెప్పండి. నాకు పన్నెండింటికి చీర ఫాల్ ఇవ్వాలి."

"ఇది నిపుణులు తేల్చవలసిన విషయము."

ఎనిమిది దశలాయన ముందు మాట్లాడాడు. "కీ సరైనదే. సాన్నిహిత్యమనగా ఇచ్చుటయే."

"నియమాలు పాటించడం నాలుగో మెట్టు" అన్నాడు ఆరు మెట్లాయన. "ఆయన ఇచ్చినప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలియకుండా మార్కు ఎలా వేస్తాం? శిక్షకి భయపడక ఇచ్చాడా? మెప్పు కోసం ఇచ్చాడా? ఏమయ్యా, ఎందుకిచ్చావ్?"

"ఆవిడకి కనపడటం లేదండి" అన్నాడు సూర్యచంద్రం.

"చూశారా, ఇది ఏ మెట్టులోనూ రాదు."

"మెట్టు మెట్టు అంటావ్" అన్నాడు నాలుగు దశలాయన. "నీ ఇరవయ్యో ప్రశ్న చూడు. భార్యకి జబ్బు, మందు కొనే స్తోమత లేదు, షాపులోంచి దొంగిలించవచ్చునా? దీనికి నీ కీ అయిదో మెట్టు జవాబిచ్చింది. ఆప్షన్లలో ఆ మెట్టే లేదు."

"ఆ ప్రశ్న నేనూ కీలో చూశానండి" అంది నూకరత్నం. "ఇంతకీ ఆ షాపువాడు ఎవరబ్బాయి? కోటిలంకలో అయితే మా పెద్దమ్మ మనవడు. అడిగితే ఇస్తాడు. దొంగిలించడం దేనికి?"

ఆ మాటతో గది వేడెక్కింది. ఒకరి కీకి ఒకరు అభ్యంతరం పెట్టారు. ఇరవయ్యోది తొలగించారు. దాంతో కోపమొచ్చి ఆరు మెట్లాయన ఎనిమిది దశలాయన ప్రశ్నలు అన్నిటికీ అభ్యంతరం పెట్టాడు. ఎనిమిది దశలాయన నాలుగు దశలాయనవి లాగాడు. మంగతాయారు అంగన్‌వాడీలో వాడే గొంతుతో, "ఒకరి తరవాత ఒకరు చెప్పాలి" అంది. ముగ్గురూ ఒక్క క్షణం ఊరుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఆఖర్న పెద్దాయన కళ్లు తెరిచి, "ఆరేళ్ల తరవాత ఏదో దశ ఉందనడమే తప్పు" అని పేపరు మొత్తానికీ ఒకేసారి అభ్యంతరం పెట్టేసి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

మూడింటికి మండలి ఉత్తర్వు వచ్చింది. సాన్నిహిత్యం పేపరులోని ప్రశ్నలన్నీ తొలగించడమైనది. అభ్యర్థులందరికీ అన్ని మార్కులూ కలపడమైనది.

"నాకు డిబార్ ఉంది కదండీ" అన్నాడు సూర్యచంద్రం నిజాయితీగా.

నూకరత్నం ఆయన కాలు తొక్కింది.

మార్కండేయప్రసాద్ నిబంధనల పుస్తకం తీశాడు. ఆయన చెడ్డమనిషి కాదు. నిబంధన దొరికితే చాలు, మంచే చేస్తాడు. "ప్రశ్నలు లేని పేపరును పరీక్ష అనజాలము" అన్నాడు చివరికి. "పరీక్ష కానిచోట మాల్‌ప్రాక్టీసు సాంకేతికముగా అసంభవము. డిబార్ రద్దు." స్టాంపు తీసి రెండు సర్టిఫికెట్ల మీదా గట్టిగా కొట్టాడు.

*

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అయిదింటికి మూస్తారు. ఆదియ్య, మంగతాయారుతో సహా నలుగురూ ఒకే ఆటోలో చేరుకునేసరికి నాలుగు దాటింది. బల్ల మీద పెన్సిళ్లు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. కుర్చీ ఖాళీ.

"సార్‌కి నిన్నటితో నలభై నిండాయి కదండీ" అన్నాడు గుమాస్తా. "సంక్షోభ సెలవు. రేవు వైపు వెళ్లారు. మోటారు సైకిలు కొన్నారు."

రేవులో పాత లాంచీ ఒకటి కట్టేసి ఉంది. సూర్యచంద్రం ఒకప్పుడు నడిపిందే. దాని కప్పు మీద కనకలింగం తోలుజాకెట్టులో చెమటలు కక్కుతూ గోదావరిని చూస్తున్నాడు. పాపిడి లేదు.

"సార్, సర్టిఫికెట్ వచ్చిందండి" అని కింద నుంచి సూర్యచంద్రం కేకేశాడు. "ఒక్క సంతకం."

"సంతకాలే పెట్టాను ఇన్నేళ్లూ" అన్నాడు కనకలింగం. "ఎందుకు పెట్టానో తెలీదు. మొదట్లో సెలవు కోసం సంక్షోభం అనుకున్నాను. పొద్దున్నుంచి నిజంగానే వచ్చినట్టుంది."

"పెట్టేసి మళ్లీ వచ్చి కూర్చోండి బాబూ" అంది నూకరత్నం.

"సంక్షోభంలో ఉన్న అధికారి సంతకం చెల్లదమ్మా. ఏడో దశ సంక్షోభం తీరాలంటే తరవాతి తరానికి ఉపయోగపడాలి. మీరు నాకంటే పెద్దవాళ్లు. మీకు ఎంత చేసినా నాకు లెక్కలోకి రాదు."

సూర్యచంద్రం తల వంచుకున్నాడు. రేవు గడియారం వైపు ఆదియ్య చూశాడు. నూకరత్నం మాత్రం చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, లాంచీ నిచ్చెన ఎక్కి, కనకలింగం పక్కన కూర్చుంది.

"మాకు చెయ్యొద్దు. మేం పెద్దవాళ్లమే. కానీ మా కాపురం వయసెంత బాబూ? ఇంకా పుట్టలేదు. మీరు సంతకం పెడితే ఇవాళ పుడుతుంది. మీకంటే నలభై ఏళ్లు చిన్నది."

కనకలింగం నది వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. జేబులోంచి దువ్వెన తీసి పాపిడి తీసుకున్నాడు.

కొత్త మోటారు సైకిలు మీద ముందు కనకలింగం, మధ్యలో నూకరత్నం, వెనక సూర్యచంద్రం కూర్చున్నారు. ఆదియ్యా మంగతాయారూ ఆటోలో వెంబడించారు. గుమాస్తా తలుపుకి తాళం వేస్తుండగా సబ్ రిజిస్ట్రార్ ఆ తాళం లాక్కున్నాడు. సాక్షి సంతకాలు ఆదియ్య, మంగతాయారు పెట్టారు. సిస్టమ్ కాసేపు గిర్రున తిరిగి, ఆలోచించి, ఎంట్రీ తీసుకుంది.

సంతకం చేశాక కనకలింగం కలం మూత పెట్టి, పెన్సిళ్లు ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చాడు. ఒకటి మాత్రం వంకరగా వదిలేశాడు.

*

శుక్రవారం పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడైంది. సూర్యచంద్రం దగ్గుకుంటూ వెళ్లి తీశాడు. గుమ్మంలో మార్కండేయప్రసాద్ అట్టతో, కలంతో నిలబడి ఉన్నాడు.

"జన్మదిన శుభాకాంక్షలు. తమరు నేటితో ఎనిమిదవ దశలో ప్రవేశించినారు. ఈ దశయందు ఒకే ప్రశ్న. గడిచిన జీవితమును సమీక్షించుకొని చెప్పవలెను. తమకు తృప్తిగా ఉన్నదా, లేదా?"

సూర్యచంద్రం బుర్ర గోక్కున్నాడు. ఆయన అబద్ధాలు చెప్పే మనిషి కాదు.

"చెప్పలేనండి" అన్నాడు. "నిన్న సాయంత్రమేగా మొదలైంది."

దశాధికారి తన అట్ట మీద కాగితం పై నుంచి కింద దాకా చూశాడు. దీనికి ఆప్షన్ లేదు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

లోపల్నుంచి మిషను చప్పుడు ఆగింది. "ఏవండీ, ఎవరొచ్చారు?"

"దశాధికారి గారు. నన్ను ఫెయిల్ చెయ్యాలో పాస్ చెయ్యాలో తెలీడం లేదంట."

"సప్లిమెంటరీకి రాసెయ్యమనండి" అంది నూకరత్నం. "ఆయనకి కాఫీలో పంచదార ఎంతో కనుక్కోండి."